గోస్తని మాస్టారి నెలవారీ కొలతలు ఆగకుండా కొనసాగించాలంటే ఏం కావాలి?

కొమ్మాది శిష్యురాలు:

అందరికీ నమస్కారం. "గోస్తని మాస్టారు" అంటే ఇక్కడ సగం మందికి పేరు చెప్పకుండానే తెలుస్తుంది. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన తొలి సంవత్సరీకం. హాలుకి ఆయన పేరు పెట్టించాలని కొందరు, స్మారకోపన్యాసానికి డబ్బు జమ చేద్దామని కొందరు అంటున్నారు. మంచిదే, వద్దనం. కానీ మాస్టారు ఓపిక ఉన్నంత కాలం నెలకోసారి బొర్రా నుంచి భీమిలి దాకా వెళ్లి గోస్తని నది నీటిని కొలిచారు. ఎండాకాలం తగరపువలస దగ్గర ఏరు సన్నబడితే ఇంట్లో మనిషికి ఒంట్లో బాగోలేనట్టు మాట్లాడేవారు. ఆయన కన్నుమూసిన నెల నుంచి ఆ కొలతల పుస్తకంలో గడులు ఖాళీ. ముందు ఆ ఖాళీ ఆపాలని పాత విద్యార్థులం ఎనిమిది మందిమి అనుకున్నాం.

మాస్టారి ఇంట్లో వాళ్లు ట్రంకుపెట్టె నిండా నోటుపుస్తకాలు ఇచ్చారు. అన్నీ పెన్సిలు రాతే. కొన్ని 2014లో హుద్‌హుద్ తుపానుకి తడిసి పుటలు అంటుకుపోయాయి. మాస్టారు నీళ్లు పట్టిన చోట్లు ఐదు: బొర్రా గుహల దిగువ, తాటిపూడి జలాశయం దిగువ, పాండ్రంగి, తగరపువలస వంతెన, భీమిలి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు). ఒక్కోచోట నీటి వేడి, పీహెచ్, కరిగిన ప్రాణవాయువు, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం), కాఠిన్యం, క్లోరైడు, ప్రవాహం రాశారు.

మా సందేహాలు ఇవి. ఐదు చోట్లా ఒకే రోజు అవుతుందా? కరిగిన ప్రాణవాయువుకి మీటరు కొనాలా, మాస్టారు చేసినట్టు సీసాలతోనే చేయాలా? పాత అంకెల పక్కన మన అంకెలు పెట్టి పోల్చవచ్చా? నోటుపుస్తకాలు ఎలా దాచాలి? సంవత్సరీకం రోజున పాండ్రంగి గట్టున మొక్కలు నాటుదామని కూడా ఉంది. మాలో కెమిస్ట్రీ చదివింది ఒక్కరే, అందుకని కాస్త వివరంగా చెప్పండి.


ఏటిగట్టు:

చాలా మంచి పని అమ్మా. రసాయనాల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నేను చోట్ల గురించి, ప్రవాహం గురించి రాస్తాను.

ఐదు చోట్లూ ఒకే రోజు పెట్టుకోకండి. బొర్రా, తాటిపూడి ఒక రోజు, పాండ్రంగి, తగరపువలస, భీమిలి మర్నాడు. దూరం ఒక్కటే కాదు, వేళ కూడా ముఖ్యం. నాచు ఉన్న మడుగులో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా పడిపోతుంది, ఎండ ఎక్కాక మధ్యాహ్నానికి పైకి పోతుంది. ఒక నెల పొద్దున్న ఏడింటికీ, ఇంకో నెల మూడింటికీ వెళ్తే మీరు కొలిచేది నదిని కాదు, ఎండని. పుస్తకాల్లో వేళ రాసే ఉంటుంది. ఏ చోటికి ఏ వేళో చూసి దానికి అరగంట అటూ ఇటూ మించకుండా వెళ్లండి.

ప్రవాహం లేకుండా మిగతా అంకెలకి అర్థం ఉండదు. క్లోరైడు రెట్టింపైందంటే మురుగు కలిసిందా, నీళ్లే సగమయ్యాయా అన్నది ప్రవాహం చూస్తేనే తెలుస్తుంది. యంత్రం అక్కర్లేదు. వంపు లేని చోట 20 మీటర్లు కొలిచి రెండు గట్లకీ అడ్డంగా తాళ్లు కట్టండి. పై తాడు దగ్గరా కింది తాడు దగ్గరా నీటి వెడల్పు, అడ్డంగా ఐదారు చోట్ల లోతు తీసి సగటు కట్టండి. పై తాడుకి రెండు మీటర్లు ఎగువన కమలాపండు వేసి, రెండు తాళ్ల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మధ్యలో, రెండు పక్కలా కలిపి కనీసం ఆరుసార్లు వేయాలి. ఎండు కొబ్బరికాయ, థర్మోకోలు వద్దు. పైపైన తేలి గాలికి కొట్టుకుపోతాయి. కమలాపండు ముప్పాతిక మునిగి ఉంటుంది, నీటితో పాటే నడుస్తుంది.

లెక్క ఇలా. వెడల్పు 12 మీటర్లు, సగటు లోతు 0.4 మీటరు అయితే అడ్డుకోత 4.8 చదరపు మీటర్లు. 20 మీటర్లు 50 సెకన్లలో పోతే వేగం సెకనుకి 0.4 మీటరు. పైనీరు అడుగునీటి కన్నా వేగంగా పోతుంది కాబట్టి 0.85తో గుణించాలి. 4.8 × 0.4 × 0.85 అంటే సెకనుకి సుమారు 1.63 ఘనపు మీటర్లు. రాళ్లు ఎక్కువున్న చోట 0.8 వాడేవారూ ఉన్నారు. మాస్టారు ఏది వాడారో పుస్తకంలో చూసి అదే వాడండి.

ఇక ఒక్కో చోటు సంగతి. బొర్రాలో గోస్తని సున్నపురాయిలోంచి వస్తుంది. ఆ నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు గాలి తగలగానే పోతుంది, దాంతో పీహెచ్ పెరుగుతుంది. సీసాలో పట్టి విశాఖ తెచ్చి చూస్తే అది బొర్రా పీహెచ్ కాదు. అక్కడే, నీళ్లలోనే మీటరు ముంచి చూడాలి. వానాకాలం ఆ లోయలోకి దిగొద్దు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు లేస్తాయి. రాళ్లు నున్నగా ఉంటాయి, ఒంటరిగా ఎప్పుడూ దిగకూడదు.

తాటిపూడి దిగువన ప్రవాహం వానని బట్టి ఉండదు, గేట్లని బట్టి ఉంటుంది. గేటు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది ప్రతిసారీ రాయండి. జలాశయం అడుగునుంచి వదిలితే నీరు చల్లగా, ప్రాణవాయువు తక్కువగా వస్తుంది. అది చూసి కాలుష్యం అని కంగారు పడక్కర్లేదు. కానీ గేటు స్థితి రాయకపోతే పదేళ్ల తర్వాత చదివేవాళ్లకి ఆ తేడా తెలిసే దారి లేదు.

తగరపువలసలో వంతెన కింద కాకుండా కాస్త ఎగువన నీళ్లు పట్టండి, రోడ్డు మీది మురికి అక్కడికి రాదు. వంతెన మీద ఒక చోట చెరిగిపోని రంగుతో గుర్తు పెట్టి, తూకం కట్టిన టేపు వదిలి, పిట్టగోడ నుంచి నీటి దాకా దూరం రాయండి. రెండు నిమిషాల పని. వరద రోజుల్లో ఏట్లోకి దిగలేనప్పుడు ఆ ఒక్క అంకే మిగులుతుంది. ఇసుక తవ్వకం వల్ల అడుగు దిగిపోతూ ఉంటుంది కాబట్టి వానాకాలం అయ్యాక ఏటా అడ్డుకోత మళ్లీ కొలవాలి. పాత కోతతో కొత్త నీళ్లు లెక్కగడితే ప్రవాహం తప్పుతుంది. విశాఖ తాగే నీటిలో తాటిపూడికీ, గోస్తని ఇసుకలోని ఊటబావులకీ వాటా ఉంది. అడుగు ఎంత దిగిందన్న అంకె నగరానికి కూడా కావాల్సిందే.

2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తాటిపూడి విజయనగరం జిల్లాలో, భీమిలి విశాఖ జిల్లాలో ఉన్నాయి. కాబట్టి అనుమతి కాగితాలు మూడు చోట్ల పెట్టుకోవాలి. జలాశయానికి జలవనరుల శాఖ, గుహల దగ్గర పర్యాటక శాఖ. ఆంధ్ర విశ్వవిద్యాలయం విభాగం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఉంటే ఎక్కడా ఎక్కువ ప్రశ్నలు రావు.


నీలిసీసా:

ప్రాణవాయువుకి సీసాలతోనే చేయండి. మీటరు కూడా ఉంటే మంచిదే, కానీ దాన్ని సరిచూసేది ఈ పద్ధతే. మాస్టారు చేసింది వింక్లర్ పద్ధతి, అంటే నీటిలోని ప్రాణవాయువుని సీసాలోనే రసాయనాలతో పట్టి కొలవడం. పద్ధతి మారిన రోజు వరస తెగిపోతుంది. తర్వాత మీటరుకి మారాలనిపిస్తే కనీసం ఒక ఏడాది రెండూ పక్కపక్కనే చేసి తేడా రాసుకోండి.

చోటుకి రెండు సీసాల లెక్కన 300 మిల్లీలీటర్ల బీవోడీ సీసాలు (గాలి దూరకుండా మూత బిగిసేవి) 10, పగిలితే అని మరో రెండు. ప్రతి సీసాకీ దాని మూతే పెట్టాలి, మూతలు మారితే గాలి దూరుతుంది. మందులు, అంటే రసాయన ద్రావణాలు, 250 మిల్లీలీటర్ల చొప్పున చేసుకుంటే నెలల తరబడి వస్తాయి.

మాంగనీస్ సల్ఫేటు, ఒక అణువు నీరున్న రకం, 91 గ్రాములు. కరిగించి 250కి నింపాలి. రెండోది క్షార అయొడైడు: సోడియం హైడ్రాక్సైడు 125 గ్రాములు, పొటాషియం అయొడైడు 37.5 గ్రాములు కరిగించి, చల్లారాక సోడియం అజైడు 2.5 గ్రాములు 10 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి కలిపి 250కి నింపాలి. హైడ్రాక్సైడు కరిగేటప్పుడు గిన్నె చేయి కాలేంత వేడెక్కుతుంది. కొంచెం కొంచెంగా, చల్లనీళ్ల తొట్టిలో పెట్టి చేయాలి. అజైడు విషం, ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది. ఈ రెండు పనులూ మీలో కెమిస్ట్రీ చదివినవారే లేబరేటరీలో చేయాలి, ఇంట్లో కాదు. మూడోది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. నాలుగోది సోడియం థయోసల్ఫేటు 0.025 నార్మల్ (ద్రావణం బలం కొలత): ఐదు అణువుల నీరున్న రకం 6.205 గ్రాములు, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటరులో వేసి, 0.4 గ్రాము సోడియం హైడ్రాక్సైడు కలిపి లీటరుకి నింపాలి.

గట్టున పని. ఎగువకి ముఖం పెట్టి నిలబడి, మీ కాళ్లు కదిపిన బురద కిందికి పోయేదాకా ఆగండి. సీసాని వంచి నెమ్మదిగా ముంచి, బుడగ లేకుండా నింపి, నీళ్లలోనే మూత పెట్టండి. పైకి తీసి తిరగేసి చూడండి, బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ పట్టాలి. మూత తీసి మాంగనీస్ ద్రావణం 1 మిల్లీలీటరు, తర్వాత క్షార అయొడైడు 1 మిల్లీలీటరు. రెండు పిపెట్లు వేరువేరుగా ఉండాలి. మూత పెట్టి పదిహేనుసార్లు తలకిందులు చేయండి. గోధుమరంగు మడ్డి దిగితే ప్రాణవాయువు ఉన్నట్టు. తెల్లగా ఉండిపోతే దాదాపు లేనట్టే, అక్కడ ఏదో కలుస్తోంది. మడ్డి సగానికి దిగాక ఆమ్లం 1 మిల్లీలీటరు వేసి మళ్లీ తిప్పితే కరిగి పసుపు పచ్చగా మారుతుంది. ఇక నిలబడుతుంది. చీకటి పెట్టెలో పెట్టుకుని 8 గంటల్లోగా లేబరేటరీకి చేర్చాలి.

అక్కడ 201 మిల్లీలీటర్లు తీసుకుని, బ్యూరెట్ (గీతలున్న గాజు గొట్టం) నుంచి థయోసల్ఫేటు లేత గడ్డిరంగు వచ్చేదాకా చుక్కచుక్కగా దింపి, అప్పుడు స్టార్చ్ కొన్ని చుక్కలు వేయాలి. నీలం వస్తుంది. అది మొదటిసారి పోయిన చోటే ఆపండి. కాసేపటికి మళ్లీ నీలం వస్తే పట్టించుకోవద్దు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో లీటరుకి అన్ని మిల్లీగ్రాముల ప్రాణవాయువు. 200 బదులు 201 ఎందుకంటే, మందులు వేసినప్పుడు సీసాలోంచి 2 మిల్లీలీటర్ల నీరు పొర్లిపోయింది, దాని సర్దుబాటు.

ఎక్కువగా జరిగే పొరపాటు థయోసల్ఫేటు దగ్గర. అది నిలవలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే ఎక్కువ పడుతుంది, నది ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ప్రతి నెలా పొటాషియం డైక్రోమేటుతో సరిచూసి ఆ నెల బలం పుస్తకంలో రాయాలి. రెండు సీసాల మధ్య తేడా 0.2 దాటితే ఆ చోటి అంకె పక్కన గుర్తు పెట్టండి. సగటు కట్టి కప్పిపుచ్చొద్దు.

మిగతావి తేలిక. క్షారత: 100 మిల్లీలీటర్ల నీటికి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పట్టినదాన్ని 10తో గుణించాలి. కాఠిన్యం: 50 మిల్లీలీటర్లకి 0.01 మోలార్ ఈడీటీఏ అనే ద్రావణం, పట్టినదాన్ని 20తో గుణించాలి. సూచిక (రంగు మారే మందు) ఇచ్చిన ద్రాక్షరంగు పూర్తిగా నీలమయ్యేదాకా ఆగాలి, ఊదారంగు దగ్గరే ఆపేస్తే తక్కువ వస్తుంది. బొర్రా దగ్గర ఈ రెండూ దాదాపు దగ్గరదగ్గరగా రావాలి, సున్నపురాయి నీరు కాబట్టి. రాకపోతే ముందు మీ మందుల్ని అనుమానించండి. పీహెచ్ మీటరుని 7, 9.2 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేయండి. చాలామంది అలవాటుకొద్దీ 4, 7 వాడతారు, కానీ ఈ నీరు 7కి పైనే ఉంటుంది.

మీ జాబితాలో కోలిఫాం (మురుగు కలిసిందని చూపే బ్యాక్టీరియా) లేదు. కలిపితే స్టెరిలైజ్ చేసిన సీసాని నది నీళ్లతో కడగకుండా నేరుగా పట్టి, ఐసులో పెట్టి, 6 గంటల్లో ల్యాబుకి ఇవ్వాలి. మిగతా సీసాల్ని మూడుసార్లు నది నీటితోనే కడుగుతాం కాబట్టి చెయ్యి అలవాటుగా దీన్ని కూడా కడిగేస్తుంది. అందుకే దానికి వేరే రంగు మూత పెట్టండి.


కొమ్మాది శిష్యురాలు:

ఏటిగట్టు గారూ, నీలిసీసా గారూ, చాలా ధన్యవాదాలండీ. ఒకటి చూసి మనసు కష్టంగా ఉంది. తగరపువలస, ఒక జనవరి నెల పుట. వేడి 24, "ప్రా.వా. 5.1" అని ఉంది. పక్క గడిలో 7.3, అది పీహెచ్ అనుకుంటున్నాం. మొన్న సరదాగా అరువు మీటరుతో అక్కడే చూస్తే ప్రాణవాయువు 7.4 వచ్చింది. అంటే అప్పట్లోనే నది అంత పాడైపోయి ఉందా? ఇంకా, భీమిలి పుటల్లో ప్రతిచోటా తిథి రాశారు. మాస్టారికి పంచాంగం పట్టింపు ఉన్నట్టు మాకెప్పుడూ తెలియదు.


పాతలెక్కలు:

నది పాడవలేదు, మాస్టారూ పొరబడలేదు. ఆ 5.1 మిల్లీగ్రాములు కాదు, లీటరుకి మిల్లీలీటర్లు. సముద్రశాస్త్రం వైపు పనిచేసినవాళ్లు ప్రాణవాయువుని ఆ కొలతలోనే రాసేవారు. 1 మిల్లీలీటరు అంటే 1.43 మిల్లీగ్రాములు. 5.1ని 1.43తో గుణిస్తే 7.3. ఇప్పుడు పక్క గడి చూడండి. 7.3 ఉంది కదా, అది పీహెచ్ కాదు, బ్యూరెట్ రీడింగు. నీలిసీసా గారు చెప్పిన పద్ధతిలో బ్యూరెట్ అంకే నేరుగా మిల్లీగ్రాములు. గడి తలమీద "బ్యూ." లాంటి గుర్తేదైనా ఉందేమో భూతద్దంతో చూడండి. 24 డిగ్రీల దగ్గర మంచినీరు పట్టగలిగేది 8.4 మిల్లీగ్రాములు, అంటే ఆ రోజు నదిలో దాదాపు 87 శాతం నిండి ఉంది. ఆరోగ్యంగా ఉన్న నది అది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో స్నానాలకి తగిన నీటికి 5 మిల్లీగ్రాములు, మామూలు శుద్ధి లేకుండా, క్రిములు చంపడం ఒక్కటే చేసి తాగునీటి వనరుగా వాడాలంటే 6 మిల్లీగ్రాములు కనీసం ఉండాలి. 5.1ని మిల్లీగ్రాములుగా ఎక్కించి ఉంటే ఆయన నదికి ఆయన పుస్తకంతోనే అపవాదు తెచ్చినట్టయ్యేది.

అందుకే ఎక్కించేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. ఆయన రాసింది రాసినట్టు ఒక గడిలో, మార్చినది వేరే గడిలో, ఎలా మార్చారో మూడో గడిలో. పాత గడిని ఎవరూ "సరిచేయకూడదు." ఇలాంటివే ఇంకొన్ని ఎదురవుతాయి. నైట్రేటు కొలిచిన పుటలుంటే అది నైట్రోజనుగా రాశారా, నైట్రేటుగానే రాశారా చూడాలి, రెంటికీ 4.43 రెట్లు తేడా. ఫాస్ఫేటు మైక్రోగ్రామ్ ఆటమ్స్ అనే కొలతలో ఉంటే ఒక్కోటి 31 మైక్రోగ్రాముల భాస్వరం. ప్రవాహం క్యూసెక్కుల్లో ఉంటే 35.3 క్యూసెక్కులు సెకనుకి ఒక ఘనపు మీటరు. ఖాళీ గడిని సున్నాగా ఎక్కించొద్దు. కొలవకపోవడం వేరు, కొలిస్తే ఏమీ లేకపోవడం వేరు. ఇద్దరు విడివిడిగా ఎక్కించి తర్వాత రెండు షీట్లూ కలిపి చూస్తే తేడా వచ్చిన గడులు వాటంతట అవే బయటపడతాయి.

చోట్ల అక్షాంశ రేఖాంశాలు సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ల (వివరమైన పటాలు) నుంచి తీసినవైతే ఫోనులో నేరుగా కొట్టకండి. ఆ షీట్లు ఎవరెస్ట్ డేటమ్ (భూమి ఆకారానికి పెట్టుకున్న ఒక పాత లెక్క) మీద గీసినవి, ఫోను వాడేది వేరు. విశాఖ ప్రాంతంలో తూర్పు పడమరగా సుమారు 200 మీటర్లు తేడా వస్తుంది. తగరపువలసలో 200 మీటర్లంటే వంతెనకి ఎగువో దిగువో మారిపోతుంది. ఆయన రాసిన రాయి, చెట్టు, మెట్ల గుర్తుల్ని నమ్మండి, అవి దొరికిన చోట ఫోనుతో కొత్తగా తీసుకోండి.

నోటుపుస్తకాలు. పెన్సిలు రాత కాలానికి వెలసిపోదు, నీటికీ చెదరదు. ఆయన అదే ఎందుకు వాడారో హుద్‌హుద్‌లో తడిసిన పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. దానికి శత్రువు రాపిడి. అంటుకున్న పుటల్ని పొడిగా ఉండగా లాగొద్దు, కాగితం పొరలుగా చీలి రాత అవతలి పుటకి పోతుంది. వాటిని కాగిత సంరక్షణ తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఎండలో ఆరబెట్టడం, లామినేషను, సెలోటేపు అసలు వద్దు. బూజు ఉంటే మాస్కు పెట్టుకుని, మెత్తటి కుంచెతో మీ వైపు కాకుండా అవతలికి దులపండి.

స్కాను 400 డీపీఐ, గ్రే స్కేల్. బ్లాక్ అండ్ వైట్ పెడితే లేత పెన్సిలు గీతలు మాయమవుతాయి. చెరిపేసి తిరగరాసిన చోట దీపాన్ని పక్కనుంచి, కాగితానికి దాదాపు ఆనించి పెట్టి ఫోటో తీస్తే పెన్సిలు నొక్కిన గాడి నీడలో కనిపిస్తుంది. మూలప్రతి టిఫ్‌లో, పంచుకోవడానికి జేపెగ్. ఫైలు పేరులో పుస్తకం సంఖ్య, పుట సంఖ్య ఉండాలి. మూడు ప్రతులు, అందులో ఒకటి ఊరవతల. అసలు పుస్తకాల్ని ఇనుప ట్రంకులో వదలకండి, ఈ సముద్రగాలికి లోపల చెమ్మ పడుతుంది. కుటుంబం ఒప్పుకుంటే విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీని అడగవచ్చు. ఆ ఒప్పుకోలు మాత్రం కాగితం మీద తీసుకోండి.


భీమిలి రేవు:

తిథి సంగతి నేను చెప్తాను తల్లీ. అది పంచాంగం పట్టింపు కాదు, ఆటుపోట్ల లెక్క. అమావాస్యకీ పున్నమికీ పోటు బాగా లోపలికి వస్తుంది, అష్టమి నవముల్లో తక్కువ. పోటు పట్టిక చేతిలో లేని రోజుల్లో తిథి, వేళ రాస్తే చాలు, ఆ రోజు మొగలో నీళ్లు ఎంత లోపలికి వచ్చాయో తర్వాత లెక్కగట్టుకోవచ్చు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. కాబట్టి భీమిలికి మాత్రం గడియారం వేళ పనికిరాదు. ఏటి నీరు ఎలా ఉందో కావాలంటే ఆటు చివర, నీళ్లు పూర్తిగా తీసిన వేళ పట్టాలి. ఏటిగట్టు గారి అరగంట నియమం మిగతా నాలుగు చోట్లకే. పుస్తకాల్లో కూడా భీమిలి వేళలు నెలనెలా మారుతూ కనిపిస్తాయి చూడండి.

మొగలో నీరు రెండు అంతస్తులు. మంచినీరు తేలిక, పైన ఉంటుంది. ఉప్పునీరు బరువు, అడుగున నాలుకలా లోపలికి పాకుతుంది. గట్టున నిలబడి పైనీళ్లు పట్టి "ఉప్పు లేదు" అనుకుంటే మోసపోతారు. పైన ఒకటి, అడుగుకి అరమీటరు పైన ఒకటి పట్టాలి. అడుగు నీటికి బరువు కట్టిన సీసా చాలు. మూతకి వేరే తాడు కట్టి, లోతుకి దించాక లాగితే నిండుతుంది. కానీ అలా నింపితే గాలి బుడబుడమని కలుస్తుంది, క్లోరైడుకి ఫర్వాలేదు, ప్రాణవాయువుకి పనికిరాదు. దానికి లీటరున్నర పట్టే వెడల్పు మూతి డబ్బాలో బీవోడీ సీసాని నిలబెట్టి, డబ్బా మూతలోంచి ఒక గొట్టం సీసా అడుగుదాకా, ఇంకొకటి గాలి పోవడానికి డబ్బా పైభాగంలో పెట్టాలి. నీళ్లు ముందు సీసాలో నిండి, పొర్లి డబ్బా నింపుతాయి. అలా సీసాలో నీరు మూడుసార్లకి పైగా మారుతుంది, గాలి తగిలిన మొదటి నీరు పోతుంది.

నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు అంచనా కట్టే పెన్నులాంటి చిన్న కండక్టివిటీ మీటర్లు ఇక్కడ హద్దు దాటి చేతులెత్తేస్తాయి. సముద్రపు నీరు 50,000 మైక్రోసీమెన్స్ దగ్గర ఉంటుంది. ఉప్పుకి రిఫ్రాక్టోమీటరు (నీటిలో వెలుగు వంగడాన్ని బట్టి ఉప్పు చూపే పరికరం) కొనుక్కోండి. ప్రాణవాయువు శాతం కట్టేటప్పుడు ఉప్పు లెక్కలోకి తీసుకోవాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీరు 7.6 మిల్లీగ్రాములు పట్టగలిగితే సముద్రపు నీరు సుమారు 6.2 మాత్రమే. మొగ ఇసుకతో మూసుకుని ఉందా, తెరుచుకుని ఉందా అన్నది కూడా ప్రతిసారీ రాయండి. ఆ ఒక్క మాట లేకపోతే అంకెలన్నీ తికమకే. సాయంత్రం వేళ రేవులో వలలు ఆరేసుకునే వాళ్లని అడిగితే ఏ రోజు మూసింది, ఏ రోజు గండి పడింది తేదీతో సహా చెప్తారు.


ఏరుమద్ది:

మొక్కల గురించి ఒక్క మాట. సంక్రాంతి తర్వాత నాటితే జూను దాకా నీళ్లు పోయాల్సిందే, గట్టున నెలకోసారి వచ్చేవాళ్ల వల్ల కాదు. ఆ రోజున నాటొద్దు, చోటు గుర్తుపెట్టండి. కానుగ, ఏరుమద్ది కాయలు మాఘం నుంచి ఎండాకాలం దాకా రాలతాయి. అప్పుడు ఏరి, ఏరుమద్ది గింజల్ని రెండు రోజులు నీళ్లలో నానేసి, కానుగ నేరుగా, పాలిథీన్ సంచుల్లో పెట్టండి. నేరేడు గింజ మాత్రం పండు తిన్న వారంలోపే పెట్టాలి, ఎండితే మొలవదు.

వానలు నిలదొక్కుకున్నాక జూలైలో నాటండి. గొయ్యి రెండడుగుల ఘనం, పై మట్టి వేరుగా తీసి పశువుల ఎరువుతో కలిపి ముందు వేయాలి. మొక్కకీ మొక్కకీ 5 మీటర్లు. ఇసుకలో కాదు, వరద చెత్త చిక్కుకున్న గీత ఉంటుంది కదా, దానికి పైన. ఆ గీతకి కింద వాలులో వట్టివేరు జానెడు ఎడంతో వరసలు పెడితే మట్టి పట్టుకుంటుంది. చనిపోయేవాటిలో ఎక్కువ మేకల వల్లే, కాబట్టి 20 మొక్కలు ముళ్లకంచెతో పెట్టడం 200 ఉత్తగా పెట్టడం కంటే నయం. గట్టు పోరంబోకు కాబట్టి తహశీల్దారు కాగితం, పంచాయతీ మాట రెండూ ముందే తీసుకోండి. కొలత చోటుకి కనీసం 50 మీటర్ల అవతల నాటండి, నీడ పడితే నీటి వేడి, నాచు మారతాయి, మాస్టారి వరసలో అది కూడా తేడాయే.


కొమ్మాది శిష్యురాలు:

పాతలెక్కలు గారూ, భూతద్దం పెట్టి చూశాం. గడి తలమీద చిన్నగా "బ్యూ" అని ఉంది. పీహెచ్ దాని తర్వాతి గడిలో, 8.1. ఆ పుస్తకం అట్ట లోపలివైపు "ప్రా.వా. × 1.43" అని మాస్టారే రాసి పెట్టారు, మేమే చూడలేదు.

తిథి చూసుకుని తేదీలు వేశాం. భీమిలికి అమావాస్య దాటిన మర్నాడు, ఆటు చివర. బొర్రా, తాటిపూడి దానికి ముందు రోజు. డైక్రోమేటు, సీసాలు ఈ వారం వస్తాయి. పాండ్రంగిలో ఆయన "మెట్ల రేవు, మూడో మెట్టు" అని రాశారు. ఇప్పుడు అక్కడ ఆరు మెట్లు ఉన్నాయి, పైన కొత్తగా కట్టినవి ఎన్నో ఊళ్లో కనుక్కుని, ఆయన లెక్కలోని మూడో మెట్టు ఏదో తేల్చుకున్నాకే టేపు పెడతాం.